బార్ట్లీ వంటింటి కోర్టు

బార్ట్లీ హెనెగన్‌కు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కిల్‌బ్రోనీ చుట్టూ ముప్ఫై మైళ్ళలో ఎవరు తాగి బండి నడిపి పట్టుబడినా సరే, ఆ మనిషి అసలు కోర్టు మెట్లెక్కేలోగా ఆ కోర్టు మొత్తాన్నీ తన వంటింట్లో ఒకసారి జరిపించి తీరాలి. జడ్జి తనే, పోలీసు తనే, గుమాస్తా తనే. ముద్దాయి మాత్రం అసలు ముద్దాయే. ఐర్లండు మొత్తం జల్లెడ పట్టినా ఇలాంటి మనిషి ఇంకొకడు దొరకడు. దొరికాడంటే, వాడు బార్ట్లీ దగ్గర నేర్చుకుని వెళ్ళినవాడే అయి ఉంటాడు.

ఆయనకు డెబ్బై ఒకటో ఏడు. నిచ్చెనంత పొడుగు, నిచ్చెనంతే సన్నం. మందు చుక్క నాలుకకు తగిలి ఎరగదు. బండి తప్పుచోట నిలిపినందుకు కూడా ఏనాడూ చీటీ అందుకోలేదు. కానీ పట్నం హాల్లో ప్రతి నెలా మొదటి మంగళవారం జరిగే కోర్టుకు ముప్ఫై ఏళ్ళుగా ఒక్కసారీ రాకుండా లేడు. ముందు వరసలో ఎడమ చివర కుర్చీ ఆయనది. కన్నకూతురి పెళ్ళి కోర్టు రోజున పడితే, పెళ్ళిని బుధవారానికి జరిపించాడని చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. గురువారానికి జరిపించాడు.

ఇంకో సంగతి. ఎవరి కేసైనా బార్ట్లీకి "మన" కేసే. పక్కవాడు పీకలదాకా తాగి పశువుల కొట్టంలోకి కారు తోలినా, మర్నాడు ఈయన వెళ్ళి, "మనకి ఊదే మిషన్లో ఎంత చూపించింది?" అని అడుగుతాడు. అడిగే తీరు చూస్తే ఇద్దరూ కలిసి తోలారేమో అనిపిస్తుంది.

రొట్టెల ఫింటన్ మల్వీ పట్టుబడిన రోజున బార్ట్లీ ఆనందం ఇంతా అంతా కాదు.

ఫింటన్‌ది చిన్న బేకరీ. తను కాలుస్తాడు, భార్య బ్రీడా లెక్కా డొక్కా చూస్తుంది, తెల్లారకముందే తనే వ్యాను వేసుకుని పదిహేడు ఊళ్ళ కొట్లకు రొట్టెలు దింపి వస్తాడు. తొమ్మిది గంటలకు రొట్టె అందకపోతే కొట్టువాళ్ళు పట్నం ఫ్యాక్టరీ రొట్టెకు తిరిగిపోతారు. ఒకసారి తిరిగినవాళ్ళు మళ్ళీ ఇటు తిరగరు. అదీ అతని బతుకు.

ఆ శనివారం సాయంత్రం ఒక్కటంటే ఒక్కటి తాగి వచ్చేద్దామని పబ్‌కు వెళ్ళాడు. అక్కడే పొరపాటైంది. ఒక్కడే ఉన్న బల్ల దగ్గర కూర్చోకుండా, ఎనిమిదిమంది ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. మావైపు పద్ధతి ఏమిటంటే, బల్ల దగ్గర ఉన్న ప్రతివాడూ తన వంతుకు అందరికీ ఒక రౌండు ఇప్పించాలి. తన వంతు రాకుండా లేచిపోయినవాడికి జీవితాంతం పిసినారి అనే పేరే. పేరు పిల్లలకు కూడా అంటుకుంటుంది. ఫింటన్ వంతు తొమ్మిదోది.

పోనీ, బండి ముట్టుకోలేదు. ఎంతో బుద్ధిమంతుడిలా నడిచి ఇంటికి వెళ్ళాడు. మూడు గంటలు నిద్రపోయి, లేచి, రొట్టెలు కాల్చి, ముఖం కడుక్కుని, దుప్పటి కింద రాత్రినంతా వదిలేసి వచ్చాననుకుని వ్యానెక్కాడు. ఆరున్నరకు వంతెన మలుపులో ఓర్లా అనే పోలీసమ్మాయి చెయ్యెత్తింది. మావైపు పోలీసులను గార్డా అంటారు.

"శుభోదయం ఫింటన్. ఇందులోకి ఊదు."

"రొట్టెలు చల్లారిపోతాయి ఓర్లా."

"గట్టిగా ఊదితే త్వరగా అయిపోతుంది."

ఊదాడు. ఆమె ముఖం చూసి, తన వల్ల రొట్టెలతోపాటు ఇంకేదో కూడా చల్లారిపోయిందని అతనికి తెలిసింది.

స్టేషను నుంచి ఇంటికి వచ్చి ఇంకా బూట్లు విప్పనే లేదు, గుమ్మంలో బార్ట్లీ. కళ్ళు చక్రాల్లా తిరుగుతున్నాయి.

"మనకి మొదటిసారే కదా?" అన్నాడు.

"ఏది?"

"కేసయ్యా! మొదటిసారే కదా? భలే! శుభం! కోర్టు సమన్లు మనకి పోస్టులో వస్తాయి. నాలుగు నెలలు పట్టవచ్చు. ఈలోపల పోస్టుమాన్‌ను చూసినప్పుడల్లా తలుపు వెనక దాక్కోబుద్ధేస్తుంది. భయపడకు, అది మామూలే. కోర్టుకు ముందు ఆదివారం మా ఇంటికి రండి. బ్రీడమ్మా, నువ్వూ రావాలి. వచ్చేటప్పుడు ఆపిల్ టార్టు ఒకటి పట్టుకురా. అది సాక్ష్యానికి కావాలి."

ఆ ఆదివారం ఫింటన్, బ్రీడా వెళ్ళేసరికి బార్ట్లీ వంటింటి బల్ల మీద కుర్చీ వేసి, దాని మీద కూర్చుని ఉన్నాడు. తల పైకప్పుకు ఆనుతోంది. ఒంటి మీద నల్లటి వానకోటు. చేతిలో బంగాళదుంపలు మెదిపే గరిటె. అసలు జడ్జి చేతిలో సుత్తి లాంటిదేమీ ఉండదని ఆయనకు బాగా తెలుసు. లేకపోవడం ఆ జడ్జి దురదృష్టం అంటాడు.

"ముందు స్టేషను!" అని గరిటె కొట్టాడు. "అక్కడ మళ్ళీ ఊదించేముందు ఇరవై నిమిషాలు కూర్చోబెడతారు, కదలకుండా కూర్చో. నోట్లో ఏమీ పెట్టుకోకూడదు."

"స్టేషను అయిపోయింది కదా బార్ట్లీ! నాలుగు నెలల కిందటే కూర్చున్నాను."

"మొదట్నుంచీ చెయ్యకపోతే చివర కుదరదు. బ్రీడమ్మా, టార్టు అతని ముందు పెట్టు."

ఇరవై నిమిషాలు ఫింటన్ టార్టు వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ ఇరవై నిమిషాల్లో పోలీసూ, జడ్జీ, గుమాస్తా కలిసి సగం టార్టు తినేశారు.

"ఇప్పుడు కోర్టు. పేరు పిలుస్తారు. లేచి నిలబడాలి. జేబులో చేతులు పెట్టకు. పోయినేడు ఒకడు జేబులో చేతులు పెట్టుకుంటే, జడ్జి చూసిన చూపుకి వాడి చేతులు వారం దాకా బయటికి రాలేదు. చెప్పు, ఏమంటావు?"

ఫింటన్ గొంతు సవరించుకున్నాడు. నాలుగు నెలలుగా తయారుచేసుకున్నదే. "జడ్జిగారూ, ఆ ముందు రోజు నాకు విపరీతమైన దగ్గు. మందు వేసుకున్నాను."

"దగ్గుమందు!" బార్ట్లీ మురిసిపోయాడు. "నా లెక్కలో పద్దెనిమిదిమంది చెప్పారు. అందులో ఒకడు దగ్గడం మర్చిపోయాడు. ఇంకేదైనా ఉందా?"

"మా అత్తగారు చేసిన కేకులో విస్కీ..."

"మా అమ్మను లాగావంటే చూడు!" అంది బ్రీడా.

"ఆరుగురు. ఒకసారి జడ్జమ్మ ఆ అత్తగారినే పిలిపించింది. ఆవిడ వచ్చి, 'నా కేకులో విస్కీ లేదు, అల్లుడిలో ఉంది' అని చెప్పి వెళ్ళింది. ఇంకా?"

"నోరు పుక్కిలించే మందు?"

"దాన్ని పుక్కిలించాలి నాయనా, తొమ్మిది గ్లాసులు మింగకూడదు." బార్ట్లీ గరిటె పక్కన పెట్టి, కుర్చీ మీంచి కిందికి వంగాడు. వంగినా చాలా ఎత్తులోనే ఉన్నాడు. గొంతు మారింది. "మనం ఏ దారిలో వచ్చాం ఆ పొద్దున?"

"వంతెన దారిలో."

"అంటే బడి ముందు నుంచి."

ఫింటన్ బల్ల మీద రాలిన టార్టు పొడిని వేలితో ఒకచోటికి నెట్టాడు.

"ఆదివారం కాబట్టి బడి లేదు. సోమవారం, పిల్లలు నడిచొచ్చే వేళైతే?"

బ్రీడా టార్టు మీద గుడ్డ కప్పింది. ఫింటన్ నేల చూశాడు, కిటికీ చూశాడు, మళ్ళీ నేల చూశాడు. చివరికి అన్నాడు. "తాగాను. తొమ్మిది రౌండ్లు. తెల్లారింది కదా, దిగిపోయిందనుకున్నాను. దిగలేదు. తప్పు నాది."

"ఆహా!" బార్ట్లీ గరిటెతో బల్ల బద్దలయ్యేట్టు కొట్టాడు. "ముప్ఫై ఏళ్ళలో ఇంత చక్కటి వాక్కు విన్లేదు! అదే చెప్పు. ఇంకొక్క ముక్క కలిపావో, గరిటె విసిరేస్తాను. ఇక నా తీర్పు. ఇరవై ఏళ్ళ కఠిన కారాగారం, ఒక చెవి కోత, రొట్టెల పొయ్యి ప్రభుత్వానికి!"

"బార్ట్లీ! నిజంగా ఎంత వేస్తారు?"

"జైలు లేదు నాయనా. మూడొందల యూరోలు జరిమానా, రెండేళ్ళు లైసెన్సు రద్దు. అంతకు వెంట్రుకవాసి కూడా తగ్గదు. ఏడ్చినా తగ్గదు. రద్దు మొదలవడానికి వచ్చే వారం దాకా గడువు అడిగితే మాత్రం ఇవ్వొచ్చు."

రెండేళ్ళు అన్న మాట వినగానే ఫింటన్‌కు ఇంకేమీ వినిపించలేదు. పదిహేడు ఊళ్ళు, రెండేళ్ళు, రోజూ పొద్దున్న. డ్రైవర్‌ను పెట్టుకునే స్తోమత లేదు. బ్రీడాకు బండి నడపడం రాదు. ఇంటికి వెళ్ళేటప్పుడు దారంతా, ఆ రాత్రి నిద్రలో కూడా, ఫ్యాక్టరీ రొట్టె ప్యాకెట్లు వరసలు వరసలుగా కొట్ల మెట్లు ఎక్కుతూ కనిపించాయి.

మంగళవారం కోర్టు. హాలు కిక్కిరిసింది. ఎవరి కోటు వాళ్ళకు బిగువుగా ఉంది. ముందు వరస ఎడమ చివర బార్ట్లీ, పెళ్ళికొచ్చినంత సంబరంగా.

"ఫింటన్ మల్వీ!"

లేచాడు. పైకప్పుకు ఆనే తల, వానకోటు, గరిటె చూసి వచ్చినవాడికి, మామూలు కుర్చీలో మామూలు కళ్ళద్దాలతో కూర్చున్న జడ్జమ్మ పక్కింటి ఆవిడలా కనిపించింది. గార్డా ఓర్లా తన కాగితం చదివింది. జడ్జి తలెత్తింది.

"చెప్పుకునేది ఏమైనా ఉందా, మిస్టర్ మల్వీ? దగ్గు గట్రా?"

"లేదు జడ్జిగారూ. ముందు రోజు తాగాను. దిగిపోయిందనుకున్నాను. దిగలేదు. తప్పు నాది."

జడ్జి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఈ ఉదయం ఇది పదకొండో కేసు. మొదటి నిజం," అంది. "జరిమానా..."

"మూడొందలు," అని ముందు వరసలోంచి గుసగుస వచ్చింది.

"...మూడొందల యూరోలు. లైసెన్సు రద్దు..."

"రెండేళ్ళు."

"మిస్టర్ హెనెగన్! తీర్పు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"మీరే చెప్పండి జడ్జిగారూ, మీ నోటి వెంట వింటే నిండుగా ఉంటుంది."

మొత్తం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. గడువు వచ్చే సోమవారం దాకా.

బయట మెట్ల మీద ఫింటన్ కూలబడ్డాడు. "అయిపోయింది బార్ట్లీ. నేను మంచిగా నిలబడ్డాను, నిజం చెప్పాను, నువ్వన్నట్టే అంతా జరిగింది. బేకరీ మాత్రం మూతపడింది."

"పొద్దున్న ఎన్నింటికి బయల్దేరతావు?"

"అయిదున్నరకు. ఇప్పుడు దానితో పనేముంది?"

"నేను అయిదుంపావుకు వస్తాను. టీ మాత్రం చిక్కగా ఉండాలి."

ఫింటన్‌కు అర్థం కాలేదు. బ్రీడా సంచిలోంచి ఒక కాగితం తీసి అతని చేతిలో పెట్టింది. వ్యాను ఇన్సూరెన్సు. డ్రైవర్ల వరసలో కొత్త పేరు: బార్ట్లీ హెనెగన్. తారీఖు మూడు వారాల కిందటిది.

"ఇదేమిటి? కోర్టు ఇంకా జరగనే లేదుగా అప్పటికి?"

"ఎంత పడుతుందో ఆయనకు ముందే తెలుసుగా," అంది బ్రీడా. "కోర్టుకు ఎందుకు వెళ్తాడనుకున్నావయ్యా ఇన్నేళ్ళూ? లైసెన్సు పోయి ఎవరి కాళ్ళు విరిగాయో చూసుకోవడానికి. గ్లెన్‌మోర్ పశువుల డాక్టరును మూడేళ్ళు బండిలో తిప్పాడు. కుళాయిలు బాగుచేసే మనిషిని, అతని గొట్టాలతో సహా, ఏడాది తిప్పాడు. సిగ్గుకొద్దీ వాళ్ళెవరూ చెప్పలేదు, గొప్పకొద్దీ ఈయనా చెప్పలేదు. వాళ్ళ ఆడవాళ్ళు చెబితే నాకు తెలిసింది."

"గొప్ప కాదమ్మా," అన్నాడు బార్ట్లీ ఎర్రబడి. "కోర్టు వృత్తిలో ఉన్నవాళ్ళం, రహస్యం పాటించాలి."

సోమవారం అయిదుంపావుకు ముసలాయన వచ్చేశాడు. ఫింటన్ పక్క సీట్లో కూర్చున్నాడు, గుండె గాలిపటమై ఎగురుతోంది. అది అయిదు నిమిషాలే ఎగిరింది. ఆరో నిమిషంలో అతనికి ఒక సంగతి గుర్తొచ్చింది. బార్ట్లీ ఉద్యోగం ముప్ఫై అయిదేళ్ళు శవాల బండి నడపడం.

"బార్ట్లీ, ఇందాక మనల్ని దాటి వెళ్ళింది ఏమిటి?"

"గొర్రె."

"నడుస్తోందా, పరిగెడుతోందా?"

"నేను గమనించలేదు. నా దృష్టి ఎప్పుడూ రోడ్డు మీదే."

"కొంచెం తొక్కవయ్యా బాబూ! వెనకాల ఉన్నవి రొట్టెలు! వాటికి ఏ బంధువులూ లేరు ఏడవడానికి!"

"తొందర పడ్డందుకేగా మనం ఇక్కడిదాకా వచ్చాం?"

ఎనిమిదిన్నరకు అయిదో ఊరు దాటారు. వెనక పదకొండు కార్లు బారులు తీరాయి. వంతెన మలుపులో గార్డా ఓర్లా చెయ్యెత్తింది.

బార్ట్లీ బలంగా ఊదాడు. సున్నా. ఇంకోసారి ఊదాడు, సరదాకి. అదీ సున్నాయే.

"తాగకుండానే ఇలా నడిపితే ఎలా పెద్దాయనా? గంటకు పన్నెండు మైళ్ళు! దీనికీ ఒక కేసుంది తెలుసా?"

బార్ట్లీ చేతులు స్టీరింగు మీంచి జారిపోయాయి. "కేసా? నా మీదా?"

"అవును. ఇతరుల గురించి ఆలోచించకుండా బండి నడపడం."

ఫింటన్‌కు నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని, తలుపు తీసుకుని కిందికి దిగిపోయి, రోడ్డు పక్క గోడను కరుచుకుని నవ్వాడు. బార్ట్లీ మాత్రం మొదటి బహుమతి వచ్చిన బడిపిల్లాడిలా వెలిగిపోతున్నాడు. "రాయి తల్లీ! సొంత కేసు! ఏ మంగళవారం? నేను కుడివైపు నిలబడాలి కదా, ముద్దాయిలు కుడివైపు!"

"సాక్షులు కావాలి," అని ఓర్లా వెనకున్న కార్ల దగ్గరికి నడిచింది. "ఈయన వల్ల ఎవరికి ఇబ్బంది కలిగింది?"

మొదటి కారులోంచి పశువుల డాక్టరు దిగాడు. "ఇబ్బందా? నాకేం ఇబ్బంది? ఇవాళ వాతావరణం బాగుంది, చూసుకుంటూ వస్తున్నాను." రెండో దాంట్లోంచి కుళాయిల మనిషి దిగాడు. "ఓర్లా, నేను అసలు ఎటూ వెళ్ళడం లేదు. ఫింటన్, ఆ గోధుమ రొట్టె రెండియ్యి." మూడో కారులోని టీచరమ్మ నాలుగు బన్నులు కొనుక్కుంది. తొమ్మిదో కారు ఆయన, సమయానికి వెళ్ళడం తనకు మొదట్నుంచీ అలవాటు లేదన్నాడు. చూస్తుండగానే వ్యాను వెనక తలుపు దగ్గర వరస కట్టారు. ఫింటన్ నవ్వుతూనే కాగితాల్లో చుట్టి ఇస్తున్నాడు. తర్వాతి కొట్టు ఆవిడ ఫోను చేసి, రొట్టె తొమ్మిదికి కాకపోతే పదకొండుకైనా పరవాలేదు, బార్ట్లీని మాత్రం విసిగించొద్దని చెప్పింది.

బార్ట్లీ కిటికీలోంచి తల బయటపెట్టి గగ్గోలు పెడుతున్నాడు. "అబద్ధాలాడకండయ్యా! నిజం చెప్పమని మీకు అంత నేర్పించానే! డాక్టరూ, నీ గడియారం చూసుకో! నీకు ఆలస్యమైందా లేదా?"

"లేదు బార్ట్లీ."

"ఒట్టు వేసి చెప్పు!"

"ఒట్టు."

ఓర్లా పుస్తకం మూసి జేబులో పెట్టుకుని, తనూ ఒక బన్ను తీసుకుంది. "సాక్షులు లేరు పెద్దాయనా. కేసు లేదు. వెళ్ళండి."

ఫింటన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. బార్ట్లీ ముఖం ముడుచుకుని ముందు వంక చూశాడు. తర్వాత నిట్టూర్చి, గేరు మార్చి, అద్దంలో వెనకున్న పదకొండు కార్లనూ ఒకసారి ఆశగా చూసుకుని, బండిని ఇంకాస్త నెమ్మదిగా పోనిచ్చాడు.