అత్తయ్యగారి కొత్త బోర్డు

మా అత్తయ్యగారు పోయారు. మొన్న బుధవారం పొద్దున్నే కాకినాడ ఆసుపత్రి నుంచి మా బావ ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయిందే" అని మాత్రం చెప్పగలిగాడు. గుండె బాగాలేదని తెలుసు. అయినా ఆవిడ దేనికైనా ఇంత తొందరగా లొంగుతారని నేను అనుకోలేదు. నాకు మేనత్త, పని నేర్పిన మనిషి. అమలాపురంలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్ళందరికీ ఆవిడ అత్తయ్యగారే. నేను ఆవిడ పక్క కుర్చీలో ఏళ్ళ తరబడి పనిచేశాను, లోలోపల చాలాసార్లు తిట్టుకున్నాను కూడా.

తిట్టుకోడానికి కారణం ఒక్కటే. బజారులోకి కొత్త కంప్యూటరు సామాను ఏది వచ్చినా అది అందరికంటే ముందు మా గదిలో ఉండాలి. రాజమండ్రి డీలరు "కొత్త మోడల్ దిగిందండి" అంటే చాలు, కుదురుగా పనిచేస్తుందా లేదా అని కూడా అడిగేవారు కాదు. పెట్టె విప్పేముందు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ పోవాలని కిటికీ ఊచ ముట్టుకునేవారు. రాజోలు, కొత్తపేట స్టూడియోల వాళ్ళు మహా గడుసువాళ్ళు. ఆవిడ కొన్న తర్వాత కొన్ని నెలలు ఆగి, "ఇప్పుడు తీసుకోవచ్చాండీ?" అని ఫోన్ చేసేవారు. ఆవిడ తను పడ్డ పాట్లన్నీ ఓపికగా వాళ్ళకి చెప్పేవారు. నేను విసుక్కుంటే, "ఎవరో ఒకళ్ళు ముందు పడాలి కదే. పడ్డవాళ్ళు చెప్పకపోతే ఎలా?" అనేవారు.

ఒక శ్రావణ మాసంలో అలాగే కొత్త తరం మదర్‌బోర్డు తెచ్చారు. పాత ప్రాసెసరు అందులో కూర్చోదు, పాత ర్యామ్ గాడిలో పట్టదు. మొత్తం సెట్టు మార్చాల్సిందే. పైగా పాత కంప్యూటర్ని ఆ రోజే ముమ్మిడివరం స్టూడియో ఆయనకి ఇచ్చేశారు. ఒక వారం రెండూ ఉంచుకుందామని మొత్తుకున్నాను.

"రెండూ ఉంటే నువ్వు కొత్తదాని మొహం చూస్తావా?" అన్నారు.

ఆ వారంలోనే అల్లవరంలో ఒక పెళ్ళి. నిశ్చితార్థం అయిన నెలకే పెళ్ళికూతురి తండ్రి పోయారు. ఏడాదిలోపే పెళ్ళి జరిపించెయ్యాలని పెద్దవాళ్ళు నిర్ణయించారు. నిశ్చితార్థం రోజు ఆ తండ్రి మా కెమెరా ముందు నిలబడి కూతురికి చెప్పిన నాలుగు మాటలు మా దగ్గర ఉన్నాయి. వాటితో చిన్న వీడియో చేసి రిసెప్షన్లో పెద్ద తెర మీద వెయ్యమని తల్లి అడిగారు. ఆ సంగతి పెళ్ళికూతురికి తెలియదు.

రిసెప్షన్ సాయంత్రం. పొద్దున్నుంచీ వీడియో సగం తయారయ్యేసరికి కంప్యూటరు దానంతటదే ఆగిపోయి మళ్ళీ మొదలవుతోంది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఊరంతా పెళ్ళిళ్ళు, ఏ స్టూడియోలోనూ మిషను ఖాళీ లేదు. నాకు ఏడుపొచ్చేసింది. డీలరుకి ఫోన్ చేస్తే, "ఇది అందరికీ వస్తోందండి. కంపెనీ వాళ్ళు నిన్ననే కొత్త బయోస్ ఇచ్చేరండి, అది వేస్తే తగ్గుతుందంటున్నారు" అన్నాడు. బయోస్ అంటే బోర్డు లేవగానే మొట్టమొదట చదువుకునే ప్రోగ్రాం. అది మారుస్తుండగా కరెంటు పోతే బోర్డు ఇక లేవకపోవచ్చు. బయట ఈదురుగాలి, వాన. మా పాత యూపీఎస్ కొత్త మిషను బరువు మోయలేక ముందురోజే చేతులెత్తేసింది.

అత్తయ్యగారు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేశారు. "ఏమండీ, ఒక్క పావుగంట కరెంటు తియ్యకండి. ఒక ఆడపిల్ల పెళ్ళి సంగతండి."

"ఆయ్, మేమైతే తియ్యమండి. తీగ మీద కొబ్బరిమట్ట పడితే మాత్రం మా చేతుల్లో లేదండి అత్తయ్యగారూ" అన్నాడు అవతలాయన.

మా కిటికీ ఎదురుగా తీగల పక్కనే కొబ్బరిచెట్టు ఉంది. దానికి ఎండుమట్ట ఒకటి వేలాడుతోంది. ఆ గాలిలో చెట్టెక్కేదెవరు?

"నువ్వు తెర చూడు. నేను మట్ట చూస్తాను" అని ఆవిడ కిటికీ దగ్గర నిలబడ్డారు. మీరు చూస్తే ఆగుతుందా అని అడగబోయి మానేశాను. కొత్త బయోస్ వెయ్యడం మొదలుపెట్టాను. ఎంతవరకు ఎక్కిందో చూపించే గీత తెర మీద నత్తలా పాకుతోంది. గాలి హోరుకి తలుపు కొట్టుకుంటున్నా లేచి గడియ వేసే ధైర్యం లేకపోయింది.

పెద్ద చప్పుడైంది. మట్ట పక్కింటి రేకుల మీద పడింది. ట్యూబులైటు రెపరెపలాడి నిలబడింది. కానీ నా ఎదురుగా తెర నల్లబడిపోయింది. ఫ్యాను తిరుగుతోంది, బొమ్మ లేదు.

"పోయింది అత్తయ్యా" అంటూ స్విచ్చి మీద చెయ్యి వేశాను. ఆవిడ వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"ముట్టుకోకే. ర్యామ్‌ని కొత్తగా సరిచూసుకుంటోంది. టైం పడుతుంది."

"నిజంగానా?"

"నాకేం తెలుసు? అలాగే అనుకుందాం."

ఆవిడ రెండో చేత్తో కొంగు చివర నలిపేస్తున్నారు. ఆవిడకి భయమంటే తెలియదని అంతవరకు నా నమ్మకం. ఇద్దరం అలాగే ఉండిపోయాం. ఎప్పటికో తెర మీద కంపెనీ గుర్తు వెలిగింది. నేను ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. "తర్వాత ఏడుద్దువుగాని, ముందు వీడియో పెట్టు" అన్నారు.

ఈసారి అది ఎక్కడా ఆగలేదు. ఆవిడ పెన్‌డ్రైవ్ కొంగున ముడేసుకున్నారు. ఇద్దరం ఆటోలో అల్లవరం చేరేసరికి భోజనాలు మొదలయ్యాయి. తెరకి వెళ్ళే వైరు ఒకటి వదులుగా ఉంది, కదిలితే బొమ్మ పోతోంది. ఆవిడ తెర వెనక్కి వెళ్ళి దాన్ని రెండు చేతులా అదిమిపట్టుకున్నారు. తెర వెనకనుంచి బొమ్మ కనిపించదు.

"నేను పట్టుకుంటాను, మీరెళ్ళి చూడండి" అన్నాను.

"చెయ్యి మారిస్తే పోతుందే. నువ్వెళ్ళి ఆ పిల్ల మొహం చూసి నాకు చెప్పు."

నేను తెర అంచు దాకా వెళ్ళి ఆగిపోయాను. "అమ్మలూ, అత్తింట్లో ఆకలేస్తే మొహమాటపడకు, అడిగి తిను" అని తండ్రి గొంతు వినిపించింది. విస్తళ్ళ దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి. అక్కడినుంచి నాకు ఇద్దరూ కనిపిస్తున్నారు. ఇటు వెలుగులో పెళ్ళికూతురు, తలంబ్రాల బియ్యం ఇంకా జడలో ఉండగా, ఒక్కో అడుగే వేసుకుంటూ తెర దగ్గరికి వస్తోంది. అటు చీకట్లో మా అత్తయ్యగారు కళ్ళు మూసుకుని, వైరు మీద చెయ్యి సడలించకుండా, ఆ గొంతు వింటూ నిలబడి ఉన్నారు.