స్వెట్టర్ కింద దాగిన ఊపిరి

ఉమ్మడి రాష్ట్రం రోజులు. మనవరాలికి మూడో నెల, ముక్కు కారుతోంది. పద్మారావు నగర్‌లోని మా ఇంట్లో ఒక ఉదయం నా భార్య దానికి తలంటి, సాంబ్రాణి పొగ పట్టి, స్వెట్టర్, ఉన్ని టోపీ తొడిగి మా అమ్మాయి లక్ష్మి ఒడిలో పెట్టింది. పాప రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేసింది. మళ్లీ పట్టింది, మళ్లీ వదిలింది. ఆకలికి ఏడుస్తోంది, తాగదు. ఇదేమిటో నాకు అంతుపట్టలేదు.

"జలుబు గదా, గిట్లనే ఉంటది," అంది నా భార్య.

మొదటి డాక్టర్ స్వెట్టర్ మీదనే స్టెతస్కోప్ ఆనించి, జలుబేనని సిరప్ రాశాడు. సాయంత్రానికి పిల్లికూతలు వినబడితే ఇంకొకాయన దగ్గరికి పరుగెత్తాం. ఆయనా స్వెట్టర్ ముట్టలేదు. "ఆస్తమాలా ఉంది," అన్నాడు. చంటిపిల్లకు ఆస్తమా ఏమిటి? బడికి పోకపోయినా లైబ్రరీలో వైద్యం పుస్తకాలు నమిలినవాణ్ని. అయినా దిక్కు తోచలేదు.

మరునాడు పిల్లల ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ మొదటి మాటే, "బట్టలన్నీ తీయండి."

"గాలి తగుల్తది మేడం!" నా భార్య పాపను హత్తుకుంది.

"ఊపిరి చూడాలంటే ఛాతీ కనబడాలె గదమ్మా."

బట్టలు తీశాక ఆమె వాచీ పట్టుకుని పాపనే చూస్తూ కూర్చుంది. నాకు ఒళ్లు మండింది. "చూస్కుంట కూసుంటే బీమారి తెలుస్తదా? ఎక్స్‌రే తియ్యరా?"

"తాతా, జెర ఇటు రాండ్రి. ఈడ చూడుండ్రి."

ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నాయి. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. ఉన్ని కింద ఇంత జరుగుతుంటే చదువుకున్న ఇద్దరికి కనబడలేదు!

ఆమె పాప పాదానికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించి, పాలు సగమైనా తాగుతోందా, ఉచ్చ ఎప్పుడు పోసిందని లక్ష్మిని అడిగింది. "ఆక్సిజన్ తక్కువుంది. బ్రాంకియోలైటిస్, ఊపిరితిత్తులల్ల సన్న గొట్టాలు వాచినయి. అడ్మిట్ చేయాలె."

"యాంటీబయాటిక్ ఇస్తరా?"

"ఇది వైరస్ తాతా. దానికి పనిచెయ్యదు."

"మరేం జేస్తరు?"

"ఆక్సిజన్ పెడ్తం. ముక్కు సాఫ్ చేస్తం. ట్యూబ్‌తోని పాలిస్తం. మీరు మాత్రం ఇంట్ల పొగ బంజేయాలె."

"మా అత్త కాలం నుంచి పట్టిందే," గొణిగింది నా భార్య.

మందు లేని వైద్యం ఇవాళ్టికీ నా తలకెక్కలేదు. మరునాటికి పాప ఇంకా డీలాపడింది. వార్డులో కేకలేశాను. "తగ్గేముందు ఎక్కువైతది. మేం చూస్తనే ఉన్నం," అంది డాక్టరమ్మ. మళ్లీ చూడటమే!

"నాయినా, జెర ఊకో," అంది లక్ష్మి, కళ్లు పాప డొక్కల మీద నుంచి తీయకుండా.

తర్వాత ఆ గుంజుడు మెల్లగా తగ్గింది. ట్యూబ్ తీసిన ఉదయం పాప రొమ్ము పట్టింది. వదులుతుందేమోనని ముగ్గురం వంగి చూశాం. వదల్లేదు.

దగ్గు మాత్రం చాలాకాలం ఉండి, తర్వాత తగ్గింది. ఇప్పుడు ఆ మనవరాలు కాలేజీకి పరుగెత్తి బస్సెక్కుతోంది.

చంటిబిడ్డ పాలు వదిలేస్తూ ఊపిరికి తన్నుకుంటే, వెలుతురులో బట్టలు విప్పి డొక్కలు చూడండి. గుంజుకుపోతుంటే వెంటనే ఆసుపత్రికి పోండి. అక్కడెవరైనా స్వెట్టర్ మీద స్టెతస్కోప్ పెట్టబోతే, చెయ్యి అడ్డంపెట్టి ముందు స్వెట్టర్ విప్పండి.