జాన మీద నాలుగు వేళ్లు

దయ్యాలు, మాయలు అని ఎవరైనా మొదలుపెడితే మా చీరల దుకాణంలో మొదట నవ్వేది నేనే. ఇప్పటికీ వాటిని నమ్మను. కానీ నా కళ్లతో చూసిన ఒక చీర గురించి చెప్పాలి. అందులో నా తప్పు కూడా ఉంది.

మాది ధర్మవరం. అన్న మగ్గం నేస్తాడు, నేను చీరలు అమ్ముతాను. నాయన కాలం నుంచి మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. ఎవరైనా ఊరికి పోతే, బండి కదిలే వేళకు నేస్తున్న చీర అంచుకు ఒక దారం ముడి వేస్తారు, చేరి ఉంటారనుకున్న వేళకు ఇంకొకటి. అన్నకు దూరమంటే బట్టే, పోయినవాళ్లు చేరేలోపల తను ఎంత నేస్తే అంత. అనంతపురం బస్సు జానకు కొంచెం తక్కువ అంటాడు.

ఆయనకు ఒకసారి విమానం ఎక్కాలని ఉండేది.

"కడప నుంచి విజయవాడకు గంటా పది నిమిషాలంట గదరా. జాన నేసేలోపల! నన్నూ తోలుకొనిపో."

సరేనన్నాను. తీరా విజయవాడలో చీరల ప్రదర్శనకు పోవాల్సి వచ్చేసరికి, రంగు పట్టిన ఆ వేళ్లు, ఆ మాసిన పంచె పెద్ద వ్యాపారుల మధ్య ఎందుకనిపించింది. "అనంతపురం పోతాండా, రేపొస్తా" అని అబద్ధం చెప్పి తెల్లవారుతూనే కారెక్కాను. నా సంచిలో ఉన్నది అన్న నేసిన చీరే.

పదికి కడపలో విమానం లేచింది. విజయవాడ మీద మబ్బులు కమ్మి, దిగే వీలు లేక ఇరవై నిమిషాలకు పైగా పైనే తిరిగింది. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

మరుసటి రోజు గడపలోనే వదిన ఎదురైంది. "ఏమప్పా, అనంతపురం బస్సుకు రెక్కలొచ్చినాయా?"

ముందురోజు పదికి అన్న చేయి ఆపి "లేచినాడు" అని ముడి వేశాడట. జాన నేశాక "ఇంగా దిగల్యా, పైన్నే తిరుక్కుంటాండాడు" అని మరొకటి. ఆ తర్వాత "దిగినాడు" అని మూడోది.

మగ్గం దగ్గర కూర్చుని నేనే కొలిచాను. మొదటి రెండు ముడుల మధ్య సరిగ్గా జాన. మూడోదానికి ఇంకో నాలుగు వేళ్లు. టికెట్ మీది వేళతో, దిగాక ఫోన్‌లో చూసిన వేళతో పోల్చాను. ఎక్కడా తేడా లేదు. విమానం సంగతి ఎవరైనా చెప్పి ఉండొచ్చు. ఆ నాలుగు వేళ్లు ఎవరు చెప్పారు?

"ఎట్ల తెలిసె అన్నా?"

అన్న తలెత్తలేదు. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను చూపించాడు. "ఇది చేతిలో బరువే లేకుండా పోయెరా. ఎప్పుడూ అట్ల కాలా. నువ్వు గాల్లో ఉండావనుకుంటి."

తనను ఎందుకు తీసుకుపోలేదని ఒక్క మాట అడగలేదు. ఇన్నేళ్లు పక్కనే ఉండి, ఆ చేతుల్లో నేను చూసింది రంగు మరకలే.

నెల తిరక్కుండా అన్నను విమానంలో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. మోకాలి మీద జాన కొలిచేటట్టు అరచేయి చాచి, నేసే బట్టను లెక్కపెడుతున్నట్టు ఒక్కో వేలూ మడుస్తూ కూర్చున్నాడు. చిటికెన వేలు మడిచేసరికి చక్రాలు నేలను తాకాయి. విజయవాడలో ప్రతి వ్యాపారికీ "ఈయన మా అన్న. నేసింది ఈయనే" అని చెప్పాను.

మూడు ముడుల ఆ చీరను అమ్మలేదు. ఎన్నిసార్లు కొలిచినా జాన మీద నాలుగు వేళ్లే. ఎలాగో నాకిప్పటికీ తెలియదు. అనంతపురం పోతున్నానని మాత్రం అనంతపురం పోయేటప్పుడే చెబుతున్నాను.