భయమెరుగనోడు

కొత్తగూడెం క్వార్టర్లల్ల మా పక్కింటోడు, నా దోస్తు. వాళ్ల నాయిన బొగ్గుబాయి నౌకరీ వానికే వచ్చింది. మొదటిరోజు దిగి, వణుక్కుంట పైకొచ్చిండు.

"ఆ చీకట్ల ఊపిరాడతలేదురా" అన్నడు.

"పిరికోడా" అని నవ్విన. ఆ యేడే మిలిటరీల చేరిండు.

సెలవుల వచ్చినప్పుడల్లా, నేను డ్యూటీకి పోతుంటే బాయి గేటు దాకా వచ్చి, "టోపీలైటు చూసుకోని దిగురా" అనేటోడు. ఒక్కనాడు గూడ మరువలే.

యుద్ధంల బంకర్ కూలితే, లోపలికి పాకి ఇద్దరిని బయటికి గుంజిండట. మూడోసారి పోయినోడు మళ్ల రాలే.

మొన్న సభల వాళ్లమ్మ చేతిల మెడల్ పెట్టి, "భయమెరుగని వీరుడు" అన్నరు. అందరు చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ చీకట్లకు మూడుసార్లు పోయేటప్పుడు వాడెంత భయపడ్డడో నాకు ఎరుక.