మెక్సికో పెద్దల బల్ల దగ్గర నా పంపకం

శనివారం నుంచి యాంగోన్‌లో, అదే పాత రంగూన్‌లో, అహ్లోన్ పేటలో మా వీధి వీధంతా నన్ను చూసి నవ్వుతోందండీ. చెయ్యకూడని పని చేశాను మరి. మా జ్యోతి ఉద్యోగానికే ఎసరు పెట్టబోయాను! వరసగా చెప్తాను. మధ్యలో ప్రశ్నలొద్దు, చివర్లో అడగండి.

జ్యోతి నా మనవరాలు, కొడుకు కూతురు. డౌన్‌టౌన్‌లో ఓ పాత సినిమా హాలులో లాటినో సినిమాల పండగ పెడుతుంటే, ఆ ఆఫీసులో మూణ్ణెల్ల ట్రయల్ మీద చేరింది. లాటినో అంటే ఎవరు? అట్లాసులో ఎడమచేతి పక్క మెక్సికో దగ్గర వేలు పెట్టి, అలా కిందికి జరుపుతూ పోండి. ఆ దేశాలవాళ్లు. మన యాంగోన్‌లోనూ ఓ పాతిక కుటుంబాల దాకా ఉన్నారట. సినిమాలూ, పాటలూ, వాళ్ల వంటలూ అన్నీ కలిపి వారం రోజుల పండగ. శనివారం సాయంత్రం ప్రారంభోత్సవం. అది సవ్యంగా జరిగితే జ్యోతి పర్మనెంటు. జరక్కపోతే మళ్లీ ఊరి చివర లైంగ్‌థార్యార్ గార్మెంటు ఫ్యాక్టరీకి పోయి బొత్తాలు కుట్టుకోవడమే. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

"మామ్మా, బంతిపూల దండలు ఇరవై కావాలి, కడతావేటి?" అంది. అడిగితే కట్టనా? ఇరవై ఒకటి కట్టాను. అందుకు ప్రతిఫలంగా నాకో పాసు. హాలుకి తీసుకెళ్లి, ముందు గదిలో కుర్చీ చూపించి, "ఇక్కడ కూకో. ఏటీ ముట్టుకోకు" అంది.

ఎదురుగా మెట్లు మెట్లుగా కట్టిన బల్ల. తెల్ల గుడ్డ, దాని మీద ముసలివాళ్ల ఫొటోలు, కొవ్వొత్తులు, నా దండలు, పళ్లు, రెండు బుట్టల నిండా గుండ్రటి తీపి రొట్టెలు. పోయిన పెద్దల కోసం వాళ్లు ఏటా ఇలా పెడతారని జ్యోతి ముందే చెప్పింది. ఆ రొట్టెలు జ్యోతి పై మేడం, మెక్సికో నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మెర్సెడెస్ గారు స్వయంగా కాల్చారట. ఆ బల్ల బాధ్యత మొత్తం జ్యోతిదే.

ఇంతలో కరెంటు పోయింది. జనరేటరు దగ్గి దగ్గి ఊరుకుంది. జ్యోతి పైకి పరిగెడుతూ, "మామ్మా, బల్ల సూస్తుండు!" అని కేకేసింది.

చూస్తుండు అంటే కూర్చుని చూడాలని దాని ఉద్దేశం. నాకు కూర్చోవడం వస్తే కదా! పది నిమిషాలు కూర్చున్నాను. లేచాను. వంకరగా ఉన్న దండలు సరిచేశాను. కొంగుతో ఫొటోల అద్దాలు తుడిచాను. మళ్లీ కూర్చున్నాను. మళ్లీ లేచాను. జనం పెరుగుతున్నారు, ఉక్క, ఈగలు. పిల్లలు రొట్టెల వంక చూస్తున్నారు, నేను పిల్లల వంక చూస్తున్నాను.

అప్పుడు నాకో సంగతి తట్టింది. మన ఇళ్లలోనూ పెద్దలకు పెట్టుకుంటాం కదా? ఫొటో ముందు దీపం పెట్టి, వండినవన్నీ పెట్టి, దణ్ణం పెట్టి, కాసేపాగి ఏం చేస్తాం? పంచుతాం! ఇక్కడ పెట్టడం అయింది, కాసేపాగడమూ అయింది, పంచే నాథుడే లేడు. పాపం, కరెంటు గొడవలో మర్చిపోయారనుకున్నాను.

ఇంకోటి కూడా కంటబడింది. బల్ల పక్కన గోడకి ఆనించి ఓ పెద్ద ఫొటో. నలుపు తెలుపు. ఒత్తుగా జుట్టు, కోర మీసం, ముప్పై ఏళ్లయినా ఉండవు. దానికి దండ లేదు! అయ్యో, ఇతనికెవరూ లేరా? సంచిలో ఇరవై ఒకటో దండ ఉంది కదా. వేశాను. ఎత్తి బల్ల నడిమధ్య పెట్టాను. ముందుకి కొవ్వొత్తి జరిపాను. పర్సులోంచి కుంకుమ తీసి నుదుట బొట్టు కూడా పెట్టాను.

ఇక పంపకం. "లైన్! పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక!" అన్నాను బర్మీస్‌లో. నలభై ఏళ్లు నాలుగో క్లాసుకి చెప్పిన గొంతు, ఊరుకుంటుందా? క్షణంలో లైను. ఈ ఊళ్లో ఎవరైనా పిలిచి తిండి పెడితే ఎందుకని ఎవరడుగుతారు? "జేజు బే, సయామా" అని టీచరమ్మకి థాంక్సులు చెప్పి, తలో సగం రొట్టె పట్టుకెళ్లారు.

లైను చివర లుంగీ కట్టుకున్న ఓ బట్టతల పెద్దాయన. అచ్చం మనవాళ్ల రంగు.

"బాబూ, ఏ పేట మీది? ఇన్సేన్ పేటేటి?" అన్నాను తెలుగులో.

నవ్వి చెయ్యి చాపాడు. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు కాబోలు, మన పిల్లకాయల్లాగే, అనుకున్నాను. రొట్టె చేతిలో పెడితే రెండు చేతులతో అందుకున్నాడు. కొరికి, ఇదెందుకని ఇంగ్లీషులో అడిగాడు.

అడిగాక చెప్పకుండా ఉండలేను కదా. నేనూ ఇంగ్లీషు అందుకున్నాను. "ఇది పోయినవాళ్ల పేరున పెట్టిందండీ. మీరు ఈయన పేరున తినండి" అని మధ్య ఫొటో చూపించాను. "పాపం, ఎంత చిన్న వయసులో పోయాడో! ఒక్క తెల్ల వెంట్రుకైనా లేదు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఫొటో దగ్గరికెళ్లాడు. నమలడం ఆగిపోయింది.

"ఎలా పోయాడు?" అన్నాడు మెల్లిగా.

తెలీదనడం నా టీచరీలో లేదు. "గుండె. సినిమావాళ్లు వేళకి తినరు కదండీ" అన్నాను.

"నిజమే, తినరు" అని తలూపి, ఇంకో ముక్క కొరికాడు.

టప్‌మని కరెంటొచ్చింది. జ్యోతి మెట్లు దిగుతూ ఖాళీ బుట్టలు చూసింది.

"మామ్మా! ఏటి సేసినావు? ముఖ్య అతిథిగారు రాకముందే రొట్టెలన్నీ..." అని, ఫొటో చూసి ఆగిపోయింది. దాని వెనకే దిగిన మెర్సెడెస్ గారు ఆ పెద్దాయన్ని చూసి, "సార్, మీరిక్కడున్నారా! మీకోసం బయటంతా వెతుకుతున్నాం!" అన్నారు.

అర్థమైందా? ముఖ్య అతిథి. పేరు మోసిన డైరెక్టరు. పొద్దున్నే బజార్లో లుంగీ కొనుక్కుని ముచ్చటగా కట్టుకొచ్చాడు. ఆ ఫొటో ఆయనదే! మొదటి సినిమా తీసిన రోజులది, స్టేజీ మీద తగిలిద్దామని తెచ్చారట. బతికున్న మనిషికి దండేసి, బొట్టు పెట్టి, ఆయన పేరున పెట్టిన రొట్టె ఆయన చేతే తినిపించాను!

మెర్సెడెస్ గారు ఖాళీ బుట్టలు చూశారు, కుంకుమ చూశారు. "ఎవరు చేశారిది?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా జ్యోతి ముందుకొచ్చింది. "బల్ల బాధ్యత నాది మేడం. తప్పు నాదే."

పర్మనెంటు ఉద్యోగం నా కళ్లముందే లైంగ్‌థార్యార్ బస్సెక్కేస్తోంది.

ఆ పెద్దాయన చెయ్యెత్తాడు. "దండ తియ్యొద్దు, ఇలాగే స్టేజీ మీదకి తీసుకురండి" అన్నాడు. తీసుకెళ్లారు! మైకు పట్టుకుని, "నా సంతాప సభకి నేనే ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. రొట్టె మాత్రం బాగుంది" అన్నాడు. హాలు హాలంతా గొల్లుమంది. మెర్సెడెస్ గారైతే కళ్లు తుడుచుకుని మరీ నవ్వారు. దిగొచ్చి, "మీ జ్యోతి తప్పించుకోలేదు, ఎదురుగా నిలబడింది. అలాంటి పిల్లే నాకు కావాలి" అన్నారు. సోమవారం కాయితం చేతికొచ్చింది, పర్మనెంటని. ఇకమీదట బల్ల దగ్గరికి చుట్టాలు రాకూడదని నోటి మాటగా చెప్పారట.

వెళ్లేముందు పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "సయామా, నేను నిజంగా పోయినప్పుడు కబురంపిస్తారు. మళ్లీ ఇలాగే పెడతారా?"

"తప్పకుండా బాబూ. కాకపోతే ఈసారి ముందు హాజరు పిలుస్తాను. పలకనివాళ్లకే దండ."