గార్డుకి వేడన్నం

మా కుక్కకి రోజూ కడుపునిండా అన్నం పెట్టి, దాన్ని ఆకలితో మాడ్చిన ఘనత నాది. మీరు సరిగ్గానే చదివారు. అన్నం పెట్టకుండా మాడ్చడం ఎవరైనా చేస్తారు, దానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. పెడుతూ మాడ్చాలంటే మాత్రం చేతిలో ఒక డిగ్రీ ఉండాలి, పైగా మనం జోకులు బాగా వేస్తామన్న నమ్మకం కూడా ఉండాలి. నాకు రెండూ దండిగా ఉన్నాయి.

కుక్క పేరు గార్డు, జాతి జర్మన్ షెపర్డ్. మా తాతయ్య రాయపూర్‌లో గూడ్సు బండ్ల గార్డుగా రిటైరయ్యాక, ఇంట్లో ఆ హోదా ఖాళీగా పడుండడం చూడలేక దాన్ని కుక్కకి ఇచ్చేశాడు. ఆయన పోయాక కుక్క నానమ్మ వంతుకొచ్చింది. కానీ నానమ్మ దాన్ని పేరుపెట్టి పిలవదు. కాపురమంతా మొగుడి పేరెత్తని మనిషి, ఆయన ఉద్యోగం పేరు మాత్రం నోట పలుకుతుందా? "బాబూ" అనేది. పాలవాడూ, నేనూ, కుక్కా, అందరం బాబులమే. పిలిచినప్పుడు పరిగెత్తేది మాత్రం ఒక్కడే, వాడికి తోక ఉండేది.

శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వే కాలనీలో స్థిరపడ్డ మా ఇంటికి ఒకే ఒక రాజ్యాంగం ఉంది. డ్యూటీ దిగి వచ్చిన మనిషికి అప్పటికప్పుడు వండిన అన్నమే పెట్టాలి. గూడ్సు గార్డు ఏ వేళకి దిగుతాడో ఆ దేవుడికీ కంట్రోల్ రూముకీ కూడా తెలీదు. తాతయ్య గేటు చప్పుడు వినపడిందంటే లోపల కుక్కర్ పొయ్యెక్కేది. చద్దన్నం నానమ్మ తినేది. వేడన్నం మీద నెయ్యి వేసి ఆయనకి పెట్టేది. రిటైరయ్యాక కూడా ఆయన ఎక్కడికెళ్ళినా, వచ్చేదాకా కుక్క గేటు దగ్గరే కూర్చునేది.

ఆయన పోయినా కుక్క గేటు దగ్గర కూర్చోవడం మానలేదు. నానమ్మ కుక్కర్ పెట్టడమూ మానలేదు.

"కుక్కకి కూడా పొగలు కక్కే అన్నమేంటి నానమ్మా? మరీ వీఐపీ ట్రీట్‌మెంటా?" అని అడిగాను ఒకసారి.

"పొద్దస్తమానం గేటు కాసినాడు కదరా. అది డూటీ కాదేట్రా?" అంది. నేను నయా రాయపూర్‌లో ఒక ఖాళీ రోడ్డు పక్కన, అంతకన్నా ఖాళీగా ఉండే ఆఫీసులో ఉద్యోగం చేసేవాణ్ణి. డ్యూటీ గురించి వాదించే అర్హత నాకు లేదు.

అప్పుడే గార్డుకి ఆకలి రోగం పట్టుకుంది. పెట్టిందంతా తిని, గిన్నె నాకి, చీపురు నమిలి, నానమ్మ చెప్పు ఒకటి మింగబోయేవాడు. ఇంత తిన్నవాడు ఏనుగవ్వాలి కదా, అగరుబత్తి అయ్యాడు. పక్కటెముకలు బయటికి తేలాయి. లోపలికెళ్ళిన తిండి మాత్రం పసుప్పచ్చగా, నూనె ఓడుతూ, కుప్పలు కుప్పలుగా బయటికొచ్చేసేది. ఎత్తిపోసే ఉద్యోగం నాది. ఆ వివరాలు మీరు భోంచేసి ఉంటారన్న గౌరవంతో వదిలేస్తున్నాను.

ఎదురింటి ఆంటీ గోడమీంచి తొంగిచూసి తీర్పు చెప్పేసింది. "బేటా, మీ మద్రాసీలు ఉత్త చావల్ పెడతారు, రోటీ పెట్టరు. అందుకే బేచారా ఇలా అయిపోయాడు."

నానమ్మ ఆ రోజు అన్నం తినలేదు. "నాను కూడెట్టనట్టు సెప్తంది సూడరా" అని మాత్రం అంది.

నేను గార్డుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె రక్తం తీసి ఎక్కడికో పంపి, ఫలితం వచ్చాక మళ్ళీ పిలిచింది. గది నిండా జనం, ఒక పొమరేనియన్, చీటీ తినేస్తున్న ఒక మేక. ఇంతమంది ప్రేక్షకులుంటే నాకు ఒళ్ళు తెలియదు.

"క్లోమగ్రంథి పనిచేయడం లేదు. తిండిని అరిగించే ఎంజైములు అక్కణ్ణించే రావాలి. అవి రాకపోతే ఎంత తిన్నా ఒంటికి చేరదు" అంది డాక్టరమ్మ హిందీలో.

"అర్థమైంది మేడమ్. మా ఆఫీసు బడ్జెట్ లాంటిది. పైనుంచి బోలెడు వస్తుంది, మధ్యలో ఎవరికీ అందదు, చివరికి పెంటే మిగులుతుంది!"

గదంతా గొల్లుమంది. మేకగలాయన నా వీపు తట్టాడు. ఆ నవ్వుల మధ్య డాక్టరమ్మ ఇంకేదో చెప్పింది. నాకు వినపడింది ఇంతే: ఎంజైముల పొడిని తిండిలో కలపాలి, కాసేపు ఆగి పెట్టాలి, కొవ్వు తగ్గించాలి, బీ-ట్వెల్వ్ సూదులు వేయించాలి, జీవితాంతం ఇలాగే చూసుకోవాలి. మధ్యలో ఒక వాక్యం ఆ నవ్వుల కింద పడి నలిగిపోయింది. నేను వెతకలేదు. హిట్టయిన జోకు వేసినవాడు కింద ఏం పడిందో చూసుకోడు.

ఇంటికొచ్చి సొంత శాస్త్రం మొదలుపెట్టాను. నానమ్మ కుక్కర్ మూత తీయగానే, ఆవిరి మొహానికి కొడుతుండగా, పొడి చల్లి గరిటెతో తిప్పేవాణ్ణి. వేడిమీదైతే బాగా కలుస్తుందని నా సిద్ధాంతం.

"నెయ్యి వద్దన్నారు నానమ్మా."

"ఎయ్యనురా. వాసన సూపిస్తాను, అంతే" అనేది, చెంచా ఒంపుతూనే.

వారాలు గడిచాయి. గార్డు ఇంకా చిక్కాడు. లేచి గేటుదాకా వెళ్ళడానికి మధ్యలో ఒకసారి కూర్చునేవాడు. నానమ్మ పళ్ళెం ముందు కూర్చుని, "తినరా బాబూ, ఇంకో ముద్ద తిను" అంటుంటే వాడు తినేవాడు. పాపం, వాడి వైపునుంచి ఏ లోపమూ లేదు.

చివరికి నాకు కోపం వచ్చింది. నామీద కాదు లెండి, అంత త్వరగా రాదు. డాక్టరమ్మ మీద. పొడి డబ్బాని హత్యాయుధంలా పట్టుకుని, కుక్కని ఎత్తుకుని వెళ్ళాను. అంత పెద్ద కుక్కని ఒక్కణ్ణే ఎత్తగలిగానని గర్వపడుతూ ఎత్తాను చూడండి, అక్కడే నాకు బుద్ధి రావలసింది.

"మేడమ్, ఇది మందా, గోధుమపిండా?"

ఆమె గార్డు నడుం తడిమింది. "ఎలా పెడుతున్నారు?"

"ప్రేమతో."

"ఎలా కలుపుతున్నారు భయ్యా?"

"కుక్కర్ దించగానే, పొగలమీద."

"గరమ్ మే?"

"ఏక్‌దమ్ గరమ్ మే, మేడమ్!" అన్నాను ఛాతీ విరుచుకుని.

ఆమె పెన్ను కింద పెట్టింది. "వేడి తగిలితే ఎంజైము చచ్చిపోతుంది. అన్నం పూర్తిగా చల్లారాకే కలపమని మొదటిరోజే చెప్పాను. మీరు అప్పుడు నవ్విస్తున్నారు."

నా జోకుల మీద చాలా విమర్శలు విన్నాను గానీ, ఇంత క్లుప్తమైనది ఎప్పుడూ వినలేదు.

"ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే దక్కడు. ఈరోజు నుంచైనా సరిగ్గా పెట్టండి" అంది. గార్డు ఆమె బల్ల కాలు నాకుతున్నాడు. వాడికి అదీ తిండే.

ఇంటికొచ్చేసరికి నానమ్మ బియ్యం కడుగుతోంది. విషయం సరదాగా చెప్పేస్తే తేలికవుతుందనుకున్నాను.

"నానమ్మా, గుడ్ న్యూస్! రోగం ముదిరింది కుక్కవల్ల కాదు, మందువల్ల కాదు, మనవల్లే! అన్నం వేడిగా ఉంటే మందు చచ్చిపోతుందట. చల్లారబెట్టి, నెయ్యి లేకుండా ఇస్తే బతుకుతాడట."

నానమ్మ చెయ్యి బియ్యంలోనే ఆగిపోయింది.

"అయితే ఇన్నాళ్ళూ నానే మాడ్సీసినానేట్రా?"

"ఛ, నువ్వు వండావంతే. పొడి కలిపింది నేను. కేసు పెడితే మొదటి ముద్దాయి నేనే, నీకు బెయిలు వచ్చేస్తుంది."

ఆవిడ నవ్వలేదు. గిన్నెవైపే చూస్తూ అంది. "మీ తాతకీ ఆకర్న అలగే అయినాది కదరా. ఎంత తిన్నా ఒంటికట్టలేదు. ఎముకలు తేలిపోనాయి. నానేటి సేసినాను? ఇంకా ఏడిగా ఎట్టినాను. ఇంకో సెంచా నెయ్యేసినాను."

మీకు చెప్పాను కదా, నా దగ్గర జోకులకి లోటుండదని. ఆ క్షణంలో మొత్తం స్టాకు వెతికాను. ఒక్కటీ లేదు.

"తాతయ్యది వేరే జబ్బు నానమ్మా" అన్నాను. నమ్మలేదు. డాక్టరమ్మకి ఫోన్ చేసి, సంగతి చెప్పి, నానమ్మ చెవి దగ్గర పెట్టాను. నా జోకులకి ఒక్కసారీ నవ్వని ఆ మనిషి ఎంతో మెత్తగా మాట్లాడింది. "అమ్మాజీ, మనుషుల సంగతి వేరు. వేడన్నం వల్ల ఆయనకి ఏమీ కాలేదు. మీరు మంచే చేశారు."

నానమ్మ "హా జీ, హా జీ" అని వినయంగా విని, ఫోన్ నాకిచ్చేసింది.

"విన్నావు కదా? డాక్టరే చెప్పింది!"

"ఆవిడ కుక్కల డాక్టరు కదరా. మనుసుల సంగతి ఆవిడికేటి తెలుసు?" అంది, బియ్యం నీళ్ళు ఒంపుతూ.

గార్డు బతికాడు. అన్నం పరిచి, చల్లార్చి, పొడి కలిపి, కాసేపు ఆగి పెడుతుంటే, నెమ్మదిగా ఎముకల మీదికి కండ వచ్చింది. కుప్పలు తగ్గాయి, నా ఉద్యోగమూ సగం పోయింది. ఎదురింటి ఆంటీ "రోటీ మొదలుపెట్టారా?" అని అడిగింది.

ఒక మధ్యాహ్నం మా నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. ఆయన లోకో పైలట్. ఎక్కితే ఇంజను ఒకవైపు ఒరుగుతుందేమో అనిపించే శరీరం. నానమ్మ అప్పుడే వండింది. కానీ అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరిచి, ఫ్యాను కింద పెట్టి, పక్కన కూర్చుంది. నాన్న ఆకలితో చూస్తున్నాడు.

"అమ్మా, సల్లారిపోతంది."

"సల్లారనీ. అలగే తిను. అరుగుతాది."

నెయ్యి లేదు. నాన్న నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. ఆయన తినేశాడు. నానమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని, లోపల ఎముక ఉందో లేదో తడిమి చూసింది. అది ఎప్పుడో కనుమరుగైన ఎముక.

"సిక్కిపోనాడురా మీ నాన్న" అంది నాతో మెల్లగా. "ఆ పొడి ఈడికి కూడా రవ్వంత కలిపీనా?"

కనుక, చదువుతున్న పెద్దలందరి సమక్షంలో, ఎడమచేతిలో పొడి డబ్బా దాచుకుని, కుడిచెయ్యి గుండెమీద వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ డాక్టరు నోరు తెరిచినా నేను నోరు మూస్తాను. ఎంత గొప్ప జోకు గొంతుదాకా వచ్చినా మింగేస్తాను. అరగకపోతే నా ఖర్మ.