చివరి ఓవర్ ఆయనదే

సోమవారం పొద్దున మా టీమ్ వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. బ్నీద్ అల్ గార్‌లో, తాను డ్రైవరుగా పనిచేసే కువైటీల ఇంట్లో, మా బౌలర్ అన్న నిద్రలోనే పోయాడు. గుండెపోటు అన్నారు. నమ్మలేక ఆయన నంబరుకే ఫోన్ చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు.

ఆయనది కడప వైపు, నాది కోనసీమ. శుక్రవారాలు అబూ హలీఫాలో సముద్రం పక్క ఇసుక మైదానంలో క్రికెట్ ఆడతాం. కొత్తగా వచ్చిన రోజుల్లో నేను గట్టు మీద కూర్చుని చూస్తుంటే, కీపింగ్ గ్లవ్స్ తెచ్చి నా చేతికిచ్చింది ఆయనే. "నిలబడప్పా, బంతి నీ కాడికే వస్తాది" అన్నాడు. ఈ దేశంలో నన్ను ఒకరు పిలిచి నిలబెట్టడం అదే మొదలు.

మా ఆటలో ఒక పాడు అలవాటు ఉంది. మ్యాచ్ పోతే, ఆఖరి ఓవర్ ఎవరు వేశారో ఆ ఓటమి వాళ్ళ మీదే వేస్తాం. గెలుపు మాత్రం అందరిదీ. ఆ లెక్కన మా నలుగురు బౌలర్లలో అందరికంటే ఎక్కువ ఓడింది అన్న. మిగతా ముగ్గురి ఓటములు కలిపినా ఆయనకు సరిపోవు. "అదిగో, ఓటమి నడిచొస్తోంది" అని ఏడిపించేవాళ్ళు. ఆయన నవ్వేసేవాడు. కానీ కీపర్‌కి బౌలర్ మొహం ఎదురుగా కనిపిస్తుంది. ఆయనకు బాధగానే ఉండేది.

అన్న శుక్రవారం పొద్దున ఇంటావిడను, ఆయన మాటలో 'మామా'ను, ఫింతాస్‌లో వాళ్ళ అమ్మగారింట్లో దించాలి. కారు అక్కడే వదిలి, బూట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రోడ్డు వెంట నడిచి వచ్చేసరికి మా ఆట చివరికొచ్చేసేది. టెన్నిస్ బంతికి కొత్త టేపు చుట్టి ఉన్నప్పుడు, అది చక్కగా తిరిగే ఓవర్లన్నీ మిగతావాళ్ళు వేసేసుకునేవాళ్ళు. ఆయన చేతికొచ్చేసరికి టేపు ఊడి ఉండేది, కొట్టేవాడు బాగా కుదురుకుని ఉండేవాడు. మిగతా ముగ్గురికీ సరిగ్గా అప్పుడే ఏదో ఒక నొప్పి పుట్టుకొచ్చేది. ఆయన మారుమాట లేకుండా బంతి తీసుకుని, ఊడిన టేపును బొటనవేలితో అదిమి, ఒకసారి నా వైపు చూసి పరుగు మొదలుపెట్టేవాడు. సిక్సర్ కొడితే "బాగా కొట్నావప్పా" అని అవతలివాడిని మెచ్చుకునేవాడు కూడా.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మీరు వెయ్యనని చెప్పేయొచ్చు కదండీ అన్నయ్యా? ఊరికే అంతా మీ మీదకొచ్చేత్తంది."

ఆయన బూట్లలో ఇసుక దులుపుకుంటూ, "ఎవురో ఒకరు ఎయ్యాల గదప్పా. లేకపోతే ఆట ఆడ్నే నిలబడిపోతాది" అన్నాడు. రెండో బూటు చేతిలోకి తీసుకుని, "ఒక్క శుక్రారం పొద్దన్నే వచ్చి కొత్త బంతి ఎయ్యాలని ఉంది నాకు. మామాను అడిగినా. ఇన్షాల్లా అనింది."

"అంటే ఒప్పుకున్నట్టేనాండీ?"

"ఏమో నాయనా. ఆ మాట మీద ఎన్ని శుక్రారాలు పోయినాయో."

ఆ శుక్రవారం రానే లేదు. అన్న శవపెట్టెను ఊరికి పంపిన రోజు అందరం టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. మాలో అందరికంటే తక్కువ ఓడిన బౌలర్, "మంచోరేనండి పాపం. కాకపోతే మ్యాచ్‌లు ఎక్కువ పోగొట్టింది కూడా ఆయనే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చావు సందర్భమని నోరు మూసుకున్నాను. ఆ మాట మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు.

మొన్న శుక్రవారం, ఆడాలా వద్దా అనుకుంటూనే ఆడాం. ఆఖరి ఓవర్ వచ్చింది. అవతలివాళ్ళకి కావలసినవి కొద్ది పరుగులే. కెప్టెన్ ఆ తక్కువ ఓడిన బౌలర్ వైపే బంతి పట్టుకున్న చెయ్యి చాచాడు. "భుజం పట్టేసిందండి" అని అతను చెయ్యి తిప్పి చూపించాడు. రెండోవాడు వంగి బూటు లేసు కట్టుకోసాగాడు. మూడోవాడు బౌండరీ వైపు నడిచిపోయాడు. బ్యాట్స్‌మన్ బ్యాటు నేలకి తడుతూ ఎదురుచూస్తున్నాడు. కెప్టెన్ బంతి పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఊడిన టేపు గాలికి కొట్టుకుంటోంది. కాసేపటికి గమనిస్తే, మేమందరం ఫింతాస్ నుంచి వచ్చే రోడ్డుకేసి చూస్తున్నాం.